మూల కింద కాగితం

ఫోన్లో అతను అన్నది "గీతలు పడ్డాయండీ" అని. అవతల సానరాయి చేస్తున్న గోలలో ఆమెకి వినబడింది "గీత పడిందండీ" అని.

"ఎక్కడ పడింది?" అంది ఆమె కంగారుగా.

"చెక్క మీద."

"అయితే దెబ్బ గట్టిగానే తగిలుంటుంది. రక్తం వస్తోందా?"

"రక్తమేంటండీ, పొట్టు వస్తోంది. మీరు సానపట్టి ఇచ్చాక కూడా పడుతూనే ఉన్నాయి. ఒకటి కాదు, వరసగా, పక్కపక్కనే."

ఆమె ఆస్పత్రిలో మాట్లాడినంత మెల్లిగా అడిగింది. "పాపం, అందరి పేరూ గీతేనా?"

రాయి ఆపి మొదట్నుంచీ మాట్లాడుకుంటే తేలిందేమిటంటే, పడ్డది మనిషి కాదు, గీత. గీత పడ్డది అతని చెక్క మీద. నింద పడ్డది ఆమె పదును మీద.

అతను లైబ్రరీలో పాత పుస్తకాలకి కుట్లు వేసే బైండరు. ఆమె సాన కొట్టు మేస్త్రిగారి ఒక్కగానొక్క కూతురు. ఏళ్ళ తరబడి రాపిడి విని విని తండ్రి చెవులే అరిగిపోయాక, రాయి తిప్పేదీ ఫోన్ ఎత్తేదీ ఆమే. బైండరుకి పుస్తకాలు ఉద్యోగం, మెషిన్లు సరదా. ముక్కలు ముక్కలుగా తెచ్చుకుని, మూడు నెలలు కూర్చుని బిగించి, ఇంటి వెనక గదిలో ఒక సీఎన్‌సీ రౌటర్ నిలబెట్టాడు. అంటే కంప్యూటర్ ఎటు పొమ్మంటే అటు పోతూ చెక్కని చెక్కే మెషిన్. దాని మూతికి బిగించే చిన్న కత్తిని బిట్ అంటారు. ఆ బిట్‌కి సానపట్టింది ఆమె.

నా చేతిలో పదునెక్కిన కత్తి గీతలు పెట్టదండీ అని ఫోన్లో చెప్పి, అక్కడితో ఆగక, సాయంత్రం ఐదింటికి గొడుగు ముడుస్తూ గుమ్మంలో నిలబడింది. వాన ఆమె వెనకాలే వచ్చి, తననీ లోపలికి రమ్మంటారేమోనని మెట్ల మీద ఆగింది.

బైండరు నాలుగు వాక్యాల ఫిర్యాదు సిద్ధం చేసుకుని ఉన్నాడు. ఆమె తడిసిన ముంగురులు చెవి వెనక్కి తోసుకోవడం చూశాక అందులో మూడు వాక్యాలు కుట్లు ఊడి రాలిపోయాయి. మిగిలిన ఒక్కటీ "రండి."

ఆమె మెషిన్‌కి నమస్కారమైనా పెట్టకుండా బిట్ ఊడదీసింది. సంచిలోంచి భూతద్దం తీసి అంచు చూసింది. కాగితం అంచుని దానికి ఆనించి లాగితే కాగితం చప్పుడు లేకుండా రెండయింది.

"బిట్ నిర్దోషి. ఇప్పుడు ముద్దాయిని చూపించండి" అంది.

అతను పలక తెచ్చి చూపించాడు. అది చేత్తో చదివే పటం. లైబ్రరీ ఈమధ్యే పాత పెంకుల కప్పు వదిలి కొత్త భవనంలోకి మారింది. ఆ పటంలో గోడలన్నీ సన్నటి గట్లు, తలుపులన్నీ బొడిపెలు. చూపు లేనివాళ్ళు గుమ్మం దగ్గర దాన్ని తడిమి, ఏ గది ఎటుందో తెలుసుకుని, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా వెళ్ళాలి. గట్ల మధ్య నేలంతా నున్నగా ఉంటేనే ఆ చదువు. చదును లేకపోతే చదువు లేదు.

ఈ పలక మీద నేలంతా సన్నటి మెట్లు, దువ్వెన పళ్ళలాగ.

"ఎవరి కోసం?" అని ఆమె అడిగితే, జవాబు లోపలి గదిలోంచి నడిచి వచ్చింది. బైండరు పిన్ని. బీరువా దగ్గర నాలుగడుగులు, బల్ల దగ్గర రెండు, లెక్కగా వేసుకుంటూ వచ్చి, పలక మీద వేళ్ళు పెట్టింది.

"నువ్వే చెప్పమ్మా. ఇన్ని గోడలు కట్టాడు వీడు. ఇది లైబ్రరీనా, జైలా?"

అతని అమ్మ పోయేనాటికి అతనికి నాలుగేళ్ళు. అప్పటికే చూపు పోయిన పిన్ని ఆ నాలుగేళ్ళవాణ్ణి దగ్గరకు తీసుకుంది. వాడి చెయ్యి పట్టుకుని ఆవిడ రోడ్డు దాటిందో, ఆవిడ చెయ్యి పట్టుకుని వాడు దాటాడో చూసినవాళ్ళకి తెలిసేది కాదు. ఇరవై ఏళ్ళుగా రోజూ ఒంటరిగా పాత లైబ్రరీకి వెళ్ళి, బ్రెయిలీ చుక్కల పుస్తకాలు వేళ్ళతో చదువుకుని వచ్చేది. కొత్త భవనంలో మొదటిరోజే దారి తప్పి, చదువుకునే గదనుకుని స్టోర్ గదిలోకి వెళ్తే, ఎవరో చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చారు. ఆ రోజు నుంచి వెళ్ళడం మానేసింది. నేను వెంట వస్తాను అని బైండరు అంటే, "నువ్వు రావడం కాదురా, నేను వెళ్ళడం కావాలి" అంది. ఇంకో పదిరోజుల్లో, సోమవారం నాడు, చేతి చదువుల గది తెరుస్తున్నారు. ఆలోగా పటం తయారవ్వాలి. రెండు పలకలు ఇప్పటికే పాడయ్యాయి. మంచి పలక ఒక్కటే మిగిలింది.

ఇదంతా విన్నాక ఆమె భూతద్దం సంచిలో పెట్టేసి, చున్నీ నడుముకి బిగించింది. పోట్లాడటానికి వచ్చిన మనిషి అలా సాయానికి దిగిపోయింది.

బిట్ ఉండాల్సిన చోట ఒక వంచిన తీగ బిగించి, దాని కొస చెక్కని పరిచే మెషిన్ బెడ్‌కి తగిలీ తగలనట్టు ఉంచి, చేత్తో చుట్టూ తిప్పింది. ముందు వైపు కొస బెడ్‌ని గీరుకుంటూ పోయింది. వెనక్కి వెళ్ళేసరికి దాని కింద కాగితం సులువుగా దూరింది.

"మూతి ముందుకి ఒరిగింది. అందుకే బిట్ ఒక అంచుతో తవ్వుతోంది. పోయిన ప్రతిసారీ ఒక మెట్టు మిగులుస్తోంది."

"ఎంత ఒరిగింది?"

"ఒక్క పేజీ మందం."

"పేజీ మందానికి ఏమొరుగుతుందండీ?"

"పేజీ పేజీ కలిపి పుస్తకం కుట్టేవాళ్ళు, మీరే అలా అంటే ఎలా?"

నాలుగు మరలు వదులు చేసి, మూతి నిటారుగా నిలిపి, తీగతో మళ్ళీ చూసి బిగించేసరికి అరగంట పట్టింది. పరీక్షకి పెట్టిన చిన్న చెక్కముక్క అద్దంలా వచ్చింది. పిన్ని దాన్ని బుగ్గకి ఆనించుకుని చూసి, ఈ అమ్మాయి చల్లగా ఉండాలి అంది. బైండరు కూడా అదే అనబోయి, మరీ పెద్దవాడిలా ఉంటుందని "థాంక్సండీ" అన్నాడు. ఆమె వెళ్ళిపోయింది. మెషిన్ వంక తీరింది. ఆమెని మళ్ళీ పిలవడానికి వంక లేకుండా పోయింది.

దేవుడున్నాడు. మర్నాడే ఇంకో వంక దొరికింది.

ఈసారి గీతలు లేవు. కానీ పటంలో ఎడమ మూల పడేచోట గట్లు సరిగ్గా లేవలేదు. పిన్ని పరీక్ష ముక్క తడిమి, "ఈ గదికి ఇంకా పునాదులే పడలేదా?" అంది. బైండరు ఫోన్ చేశాడు. ఐదింటికి ఆమె, ఐదూ ఐదుకి వాన.

ఆమె కూర్చుని, వంగుని, ఒక కన్ను మూసి చూసి చెప్పింది. ఆ మూల బెడ్ కిందికి దిగింది. దాని మీద చెక్క కూడా దిగింది. బిట్ లోతు అందుకోలేక పైపైన గీరి వదిలేస్తోంది. కొట్లో బ్లేడులు చుట్టే తెల్లకాగితం ఒకటి సంచిలోంచి తీసి, మూడు మడతలు పెట్టి, ఆ మూల కింద దోపింది. మళ్ళీ సర్దుకోవడానికి వీలుగా వేలెడు తోక బయటికి వదిలింది. మెషిన్ నడిపితే గట్లు నాలుగు వైపులా సమానంగా లేచాయి. అప్పటికి వెలుతురు తగ్గింది. పెద్ద పలక రేపు పెడతానన్నాడు బైండరు.

మర్నాడు సాయంత్రం జాగ్రత్త కోసం ముందుగా చిన్న ముక్క మీద నడిపాడు. మళ్ళీ అదే మూల, అదే లోటు. వంగి చూస్తే కాగితం లేదు. పొట్టు పీల్చడానికి మెషిన్ పక్కనే వాక్యూమ్ గొట్టం నోరు తెరుచుకుని ఉంది. ఇదే మింగింది అనుకున్నాడు. అనుకుని, తిట్టాల్సింది పోయి, గొట్టం మీద మెల్లిగా తట్టి, ఫోన్ తీశాడు.

అలా రోజూ జరిగింది. రోజూ ఆమె రావడం, కొత్త కాగితం మూడు మడతలు పెట్టి దోపడం, మెషిన్ కుదురుగా నడవడం, మర్నాటికి కాగితం మాయమవడం. మరి జిగురుతో అంటించచ్చు కదా అని మీరు అడుగుతారు. బైండరు ఇంట్లో జిగురుకి కరువా? ఆ మాట వాళ్ళిద్దరిలో ఒక్కరూ ఎత్తలేదు.

మెషిన్ పరీక్ష ముక్క చెక్కుతున్న పావుగంటా మాటలు. మీరు కుట్టే పుస్తకాలు చదువుతారా అని ఒకరోజు ఆమె అడిగింది.

"కుట్టు మధ్య పేజీల్లో పడుతుంది కదండీ. అందుకని నాకు అన్ని కథలకీ మధ్యభాగమే తెలుసు. మొదలూ చివరా తెలీవు."

"మన మొదలు ఫోన్ కాల్. అది నాకు తెలుసు."

మన అన్న మాట దగ్గర బైండరు ఆగిపోయాడు. "చివర?" అన్నాడు కాస్త తేరుకుని.

"చివర మీ వాక్యూమ్‌ని అడగండి" అని ఆమె కిటికీ వైపు తిరిగింది. కిటికీలో వాన తప్ప ఏమీ లేదు. అయినా చాలాసేపు దాన్నే చూసి నవ్వుకుంది.

ఆ నవ్వు శనివారం సాయంత్రం దాకా నిలిచింది. ఎల్లుండే సోమవారం. ఏడో కాగితం కూడా మాయమైంది. ఆమె మూల కిందికి వంగి చూసి, లేచి, చేతులు తుడుచుకుంది.

"మీరే తీస్తున్నారు కదూ."

"నేనా? వాక్యూమ్..."

ఆమె వాక్యూమ్ సంచి విప్పి, నేల మీద న్యూస్‌పేపర్ పరిచి, వారం రోజుల పొట్టంతా బోర్లించింది. చేత్తో కెలికింది. పొట్టు, దుమ్ము, ఒక పాత మర. కాగితం ముక్క ఒక్కటి కూడా లేదు.

"మొదట్లో తెలిసి నవ్వుకున్నాను" అంది. "నన్ను రప్పించుకోవడానికి చేస్తున్నారని సంతోషించాను కూడా. కానీ ఎల్లుండి ఆ గది తెరుస్తారు. మీ సరదా కోసం పిన్నిగారి దారి ఆపుతారా?"

బైండరు పొట్టు వైపు చూశాడు. తను తియ్యలేదని అతనికి తెలుసు. కానీ ఆ కాగితం పోయినందుకు రోజూ సంతోషించాడని కూడా తెలుసు. తియ్యని తప్పుకి తియ్యటి సాక్ష్యం తన మొహం మీదే ఉంటే ఏం వాదిస్తాడు? ఆమె గొడుగు తీసుకుని వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం వాన కూడా ముఖం చూపించలేదు.

ఆదివారం పొద్దున్న అతను ఒక నిర్ణయానికి వచ్చాడు. కాగితం పిన్ని కోసం. పిన్ని తర్వాతే ఎవరైనా. జిగురు పెట్టి శాశ్వతంగా అంటించెయ్యాలి. దాంతో ఆమె రాకపోకలు ఆగిపోతాయి, ఆగిపోనీ. ఎంత మందం కాగితం పెట్టాలో మాత్రం ఆమెకే తెలుసు, కనుక ఒక్కసారి అడిగి, క్షమించమని కూడా చెప్పి రావాలి. జిగురు డబ్బా కోసం బల్లంతా వెతికితే అది అరమార చివర, అట్టల వెనక దొరికింది. డబ్బా పట్టుకుని, పిన్నికి చెప్పి వెళ్దామని చూస్తే పిన్ని లేదు. గోడకి ఆనించి ఉండే చేతికర్ర కూడా లేదు.

పిన్ని సాన కొట్లో ఉంది.

బల్ల మీద నిటారుగా కూర్చుని, ఒళ్ళో బిస్కెట్ల డబ్బా పెట్టుకుని, మేస్త్రిగారితో గట్టిగా మాట్లాడుతోంది. ఆవిడకి ఆయన కనబడడు, ఆయనకి ఆవిడ వినబడదు. అయినా సంభాషణ బ్రహ్మాండంగా సాగుతోంది. కూతురు ఇద్దరి మధ్యా నిలబడి ఎటు చూడాలో తెలియక సానరాయిని చూస్తోంది.

"అన్నయ్యగారూ, నిన్న వీళ్ళిద్దరూ మాటా మాటా అనుకోవడం గోడ అవతల నుంచి విన్నాను. మావాడు నోరు తెరిచి చెప్పుకునే రకం కాదు. అందుకే నేనొచ్చాను. మీ అమ్మాయి మావాడికి ఏడు ఉత్తరాలు రాసింది."

"ఏం రాసింది?" అని అరిచారు, చివరి ముక్క మాత్రం చెవికి అందిన మేస్త్రిగారు.

"నేను చదవలేదు. చదవలేను. చదివించుకోనూ లేదు, అది మర్యాద కాదు. వీడి మెషిన్ కింద రోజుకొకటి దాచి వెళ్ళేది. నా చేతికి తగలగానే భద్రంగా తీసి దాచాను, వేరే ఎవరి కంటా పడకూడదని. పెళ్ళినాడు ఇద్దామనుకున్నాను."

ఆవిడ డబ్బా మూత తీసింది. లోపల ఏడు కాగితాలు, ఏడూ మూడేసి మడతలు, అంచులు కలిపి పేర్చి ఉన్నాయి. మేస్త్రిగారు ఒకటి విప్పి చెయ్యి చాచి చూశారు. దగ్గరికి తెచ్చుకుని చూశారు. తిరగేశారు. రెండోది విప్పారు.

"తల్లీ, పెన్నులో ఇంకు అయిపోయిందా?" అన్నారు కూతురితో.

గుమ్మంలో ఉన్న బైండరుకి అప్పుడు అర్థమైంది. ఆ ఇంట్లో ఏ వస్తువూ దాని చోటు దాటి బయటికి పొడుచుకు రాకూడదు. పొడుచుకొస్తే పిన్నికి తగులుతుంది. రోజూ పొద్దున్న ఇల్లంతా చేత్తో తడిమి, మీరినవన్నీ సర్దడం ఆవిడకి అలవాటు. అతను పెరిగిన పద్ధతే అది. ఆ పద్ధతిలో వేలెడు తోక వదిలిన కాగితానికి చోటెక్కడ?

అతను గుమ్మం దాటేలోపే ఆమే వచ్చి పిన్ని ముందు మోకాళ్ళ మీద కూర్చుని, చేతులు పట్టుకుని చెప్పింది. అవి ఉత్తరాలు కావని, మూల దిగితే ఎత్తు కోసం పెట్టిన పొరలని.

పిన్ని డబ్బాలో మిగిలిన కాగితాల అంచులు తడిమింది. "అయితే ఆ గదికి గోడలు లేకుండా చేసింది నేనేనా" అంది. "ఎంత పొరపాటు."

"పొర నాది, పాటు మీది" అంది ఆమె. "అసలు తప్పు నాది. నిన్న ఈయన్ని అనరాని మాటన్నాను." గుమ్మం వైపు తిరిగింది. "క్షమించండి."

బైండరు జవాబుగా జిగురు డబ్బా చూపించాడు. "ఇది మొదటిరోజు నుంచీ ఇంట్లోనే ఉంది. నేనూ వాడలేదు. కాగితం నేను తియ్యలేదు కానీ, ఎవరో తీస్తే బాగుండునని రోజూ అనుకున్నాను."

ఆమె ఆ డబ్బా వైపు చూసి తల దించుకుంది.

"అది మీ బల్ల మీదే ఉండేది. అరమారలో అట్టల వెనక పెట్టింది నేనే."

మేస్త్రిగారికి ఈ మాట మాత్రం ఎలా వినబడిందో తెలియదు. విని, గోడ వైపు తిరిగి, భుజాలు కదిలేలా నవ్వారు.

మధ్యాహ్నానికి కాగితం జిగురుతో సహా మూల కింద స్థిరపడింది. ఆఖరి పలక బెడ్ ఎక్కింది. నాలుగు గంటలు నలుగురూ ఆ గదిలోనే కూర్చున్నారు. మెషిన్ ఆగాక పిన్ని పలక మీద రెండు చేతులూ పెట్టింది. గుమ్మం దగ్గర మొదలుపెట్టి, నడవా దాటి, ఎడమకి తిరిగి, ఆ మూల గది దగ్గర వేలు ఆపింది.

"ఇదేనా చుక్కల పుస్తకాలుండే గది?"

"అదే పిన్నీ."

"మరి చెప్పవేం, ఇంత దగ్గరని" అంది ఆవిడ. బైండరు ఆవిడ చేతి మీద చెయ్యి వేశాడు. ఆ చేతి మీద ఇంకో చెయ్యి పడింది. సానరాయి దగ్గర పనిచేసే చెయ్యి గరుకుగా ఉంటుందనుకున్నాడు. కొంచెం గరుకే. నున్నదనం కోసం వారం రోజులు వెతికిన మనిషికి ఆ గరుకు ఎంత బాగుందో ఎవరికి చెప్పుకుంటాడు?

సోమవారం పిన్ని ఇంటి నుంచి ఒంటరిగా బయల్దేరింది. మిగతావాళ్ళు ముందే వెళ్ళి లైబ్రరీ నడవాలో బిక్కుబిక్కుమంటూ నిలబడ్డారు. ఆవిడ గుమ్మం దగ్గర ఆగి, పటం మీద వేళ్ళు ఒకసారి పారించి, కర్ర తట్టుకుంటూ వచ్చింది. స్టోర్ గది తలుపు దాటి వెళ్ళింది. ఎడమకి తిరిగింది. చివరి గదిలో కుర్చీ వెతుక్కుని కూర్చుంది.

లైబ్రేరియన్ ఆవిణ్ణి రెండు మాటలు చెప్పమన్నాడు. పటం చేసినవాళ్ళు ఎవరు, అందులో ఈ సాన కొట్టువాళ్ళు ఎందుకున్నారని అక్కడివాళ్ళందరికీ అనుమానం. పిన్ని లేచి అంతా చెప్పింది. మూల దిగడం, కాగితం పెట్టడం, తను ఉత్తరాలనుకుని తియ్యడం, అమ్మాయి అబ్బాయిని అనుమానించడం, అబ్బాయి వాక్యూమ్‌ని అనుమానించడం. గదిలో నవ్వులు సద్దుమణగడానికి చాలాసేపు పట్టింది. ఆవిడ వరసగా అందరికీ కృతజ్ఞతలు చెప్పింది, అన్యాయంగా మాటపడ్డ వాక్యూమ్‌కి కూడా.

"అవి ఉత్తరాలు కావని వీళ్ళందరూ నాకు నచ్చజెప్పారు" అంది చివర్లో. "సరే, ఒప్పుకున్నాను. కానీ ఒక పిల్ల ఏడు రోజులు వానలో నడిచొచ్చి, మా మూల దిగిపోకుండా మడిచి పెట్టి వెళ్ళిన కాగితం. దాన్ని ఉత్తరం అనకపోతే ఇంకేమంటారో చదువుకున్నవాళ్ళు, మీరే చెప్పండి."